మూడో కాపీ

“గిది కొత్తదేనా?”

“అన్నా, నీ ముంగటనే సీలు చింపిన గదా.”

“సీలు ఎవడన్న ఏస్తడు. పాత చీరెకు గంజి పెట్టి, ఇస్త్రీ కొట్టి, సీలేసి కొత్తదని అమ్మెటోళ్లను చూసిన నేను.”

“శ్యామన్నా, చీరె వేరు, హార్డ్ డిస్క్ వేరు.”

“అన్నీ ఒక్కటే. లోపట ఏమున్నదో పైకి కనవడది.”

కరీంనగర్ బస్టాండు ఎదురు సందులో సుధాకర్ కంప్యూటర్ల దుకాణం అది. సిరిసిల్లలో చీరెల డిజైన్లు గీసే శ్యాంసుందర్ పొద్దున బస్సుకే వచ్చి, గంట నుంచి అక్కడ చేస్తున్నది బేరం కాదు, విచారణ. పక్క కుర్చీలో భార్య రమ గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన అనుమానం ఆమెకు కొత్త కాదు. పాలవాడి చెంబు నుంచి పంతులు పెట్టిన ముహూర్తం దాకా దేన్నీ ఊరికే నమ్మిన మనిషి కాదు. ఇవాళ మాత్రం ఆ సంచిలో ఉన్నది బయటికి రాకుండా మూతి మెలిపెట్టి పట్టుకుంది.

“సరే గని సుధాకర్, ఎవ్వడు కాపీ కొట్టరానిది ఉన్నదా నీ దగ్గర?”

“పాస్‌వర్డ్ పెట్టుకునేది ఉన్నదన్నా. ఇగో గీ నల్లది. పాస్‌వర్డ్ కొట్టంది తెరుచుకోది.”

“పాస్‌వర్డ్ ఎవలు పెడ్తరు?”

“నువ్వే పెట్టుకుంటవ్.”

“పెట్టేటప్పుడు నువ్వు చూడవా?”

“బయటికి పోయి చాయ్ తాగొస్త. సరేనా?”

“పో. పోంగ గా మూలకున్న కెమెరా బందువెట్టి పో.”

“చింటూ బాపూ, జర ఊకోరాదు. ఆయన ఏమనుకుంటడు?”

“ఏమన్న అనుకోనియ్యి. నీకెరుక లేదు రమా. మోసపోయినోనికే తెలుస్తది.”

“నాకేం బాధ లేదక్కా. నిన్న ఒకాయన డిస్కు కొనుక్కపోయి, లోపట ఇనుపముక్క పెట్టి అమ్మిండేమో అని కిరాణ దుకాణంల తూకమేయించుకొచ్చిండు. ఆయన ముంగట శ్యామన్న దేవుడు. గని అన్నా, ఒక్కమాట. పాస్‌వర్డ్ మతిల పెట్టుకో. మర్శిపోతివా, నేను గాదు, బ్రహ్మదేవుడు గూడ తెర్వలేడు.”

“ఎందుకు మరుస్త? మా బాపు పోయిన తారీఖు పెట్టుకుంట. థూ, నీ ముంగటనే చెప్పిన. ఇగ అది పనికి రాదు.”

“నాకు మీ బాపు పోయిన తారీఖు ఎట్ల తెలుస్తదన్నా?”

“తెలుసుకోవాలనుకుంటే ఎంతసేపు?”

“సరే, తారీఖు సంగతి పక్కన పెట్టు. వీటిల రెండు రకాలున్నయ్. ఒకటి లోపట పళ్లెం తిరిగేది, అగ్గువకొస్తది. ఇంకోటి తిరిగేదేం ఉండది, జర పిరం, గని కిందపడ్డా తట్టుకుంటది. మీ గల్లీల అన్నీ మగ్గాలే, నేల అదురుతది. నీకు తిరగనిదే మంచిది.”

“పిరమైనదే మంచిది. చూసినవా రమా? ఏ దుకాణంల అడిగినా పిరమైనదే మంచిదంటరు.”

“మరి అగ్గువది తీసుకో, అన్నా!”

“అగ్గువది ఎందుకు అంటగడ్తున్నవ్?”

“అయ్యో రామ! ఇవన్నీ వద్దు, క్లౌడ్ల పెట్టుకో. డిస్కే అక్కర లేదు.”

“అదేడుంటది?”

“కంపెనోళ్ల కంప్యూటర్లల్ల ఉంటది. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు నెట్టుల కెళ్లి తీసుకోవచ్చు.”

“ఆ కంప్యూటర్లు ఏ ఊర్ల ఉంటయ్?”

“ఏమో, మనకెరుక లేదు.”

“కాపలా ఎవలుంటరు?”

“అది గూడ ఎరుక లేదు.”

“ఊరెరుక లేదు, మనిషెరుక లేదు. తీస్కపోయి వాని ఇంట్ల నా సొమ్ము పెట్టాలె. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయట. ఆ తిరగంది ఇయ్యి. ఒక్కటి సాలు.”

“ఒక్కటి సాలది. నేను ఎవలకైనా ఇదే చెప్త. మూడు కాపీలుండాలె. ఒకటి కంప్యూటర్ల, ఒకటి డిస్కుల, ఇంకోటి ఇంటి బయట.”

“ఇంటి బయటనా?”

“అవ్. ఇల్లన్నంక దొంగలు పడ్తరు, నీళ్లొస్తయ్, కరెంటు ఎక్కువొస్తది. మొన్న మీకొచ్చినట్టు. నమ్మిన మనిషి దగ్గర ఒకటుంటే ఫికరుండది.”

“నమ్మిన మనిషి! ఎవడు? పేరు చెప్పు.”

“ఎవలన్న. బామ్మర్దో, అన్నదమ్ముడో...”

“అన్నదమ్ముడు! రమా, విన్నవా? అన్నదమ్ముని దగ్గర పెట్టుమంటుండు!”

“ఇగ షురూ జెయ్యకు. బజార్ల ఉన్నం.”

“ఏమైందన్నా? నేనేమన్న తప్పన్ననా?”

“నీ తప్పేం లేదు. మాకొక తమ్ముడున్నడు, కొండల్. వాడు గూడ డిజైన్లే గీస్తడు. నేనే నేర్పిన. వేరుపడి నాలుగేండ్లైంది. మొన్న దసరనాడు పూజకని ఇంటికొచ్చిండు. కాళ్లు మొక్కిండు. ‘అన్నా, పూజ పని నేను చూస్త, నువ్వు పోయి బండికి దండ కట్టు’ అన్నడు. నేను బయట బండి కాడున్న. వాడు లోపట నా కంప్యూటర్ ముంగట అరగంట కూసున్నడు. అరగంట! ఏం జేస్తున్నవ్‌రా అంటే పాటలింటున్న అన్నడు. పాటేది? సప్పుడే లేదు!”

“చిన్నగ పెట్టుకున్నడేమో.”

“నువ్వు ఎప్పుడు వాని దిక్కే, రమా. దీపావళి పోయినంక చూస్త గదా, బజార్ల చీరె మీద జొన్నకంకి బార్డర్. నా బార్డర్! నేసింది వాడు డిజైన్లిచ్చే పార్టీ.”

“అది నీ బార్డర్ గాదు. మామ గీసింది. ఆయన గీసేనాడు నువ్వు లాగుల ఉన్నవ్. కొండల్ గూడ ఆయన కొడుకే.”

“విన్నవా సుధాకర్? ఇంట్ల వకీలు. అందుకే నేను ఇంట్ల అడగలే. కులసంఘం మీటింగుల నిలవెట్టి అడిగిన, అందరి ముంగట. దొంగవురా నువ్వు అన్న.”

“అట్లనే అన్నవా?”

“అట్లనే అన్న. వాడు ఏమన్నడు? ఏమనలే. చెప్పులు తొడుక్కొని ఎల్లిపోయిండు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే దొంగ భుజాలన్న తడుముకుంటడు. మావోడు గది గూడ చెయ్యలే. అంత గట్టోడు.”

“ఏం చెప్పుమంటవ్ ఆ పిలగాన్ని? నలభైమంది కూసొని చూడవట్టిరి.”

“తప్పు చెయ్యనోడు నోరు తెర్వడా? అది అయిన ఐదారు దినాలకే నా కంప్యూటర్ కాలింది. కరెంటు ఎక్కువొచ్చింది అంటరు. నాకు అది గూడ అనుమానమే.”

“గల్లీ మొత్తానికి వచ్చింది కరెంటు. సత్తమ్మ ఫ్రిజ్ గూడ కాలింది.”

“సత్తమ్మ ఫ్రిజ్ల డిజైన్లున్నయా?”

“అన్నా, నేను చూసిన గదా, అది కరెంటుకే పోయింది. నీ కంప్యూటర్ మీద ఆశ పెట్టుకోకు. బూడిదే. మరి ఇంకో పాత డిస్కున్నది, తెస్త అన్నవ్. తెచ్చినవా?”

“తెచ్చిన. అదొక్కటే ఉన్నది ఇగ. పదకొండేండ్ల పని సుధాకర్. ఎనిమిది వందల డిజైన్లు. సోమారం చీరెలు నేపిచ్చే సేటు దగ్గర ఇరవై బార్డర్లు పెట్టాలె. పెట్టకుంటే పెండ్లిళ్ల సీజన్ల పనంత ఇంకోనికి పోతది. ఒకసారి పోతే మళ్ల తిరిగి రాది. ఎనిమిది వందలు మళ్ల గీద్దామంటే నాకు కండ్లు ఆన్తలెవ్వు. తియ్యి రమా.”

“ఆఁ?”

“డిస్కు తియ్యి.”

“ఇంటికాడ మర్శిపోయినట్టున్న.”

“సంచిల పెట్టంగ నేనే చూసిన.”

“అవునా. అయితే అడుగున ఉన్నదేమో. ఇగో.”

“దీనికి బట్ట ఎందుకు చుట్టినవ్?”

“దుమ్ము పడది అని.”

“ఇటియ్యక్కా, పెట్టి చూస్త.”

“ఆగాగు సుధాకర్. నీ కంప్యూటర్ల పెడితే నీ దాంట్ల ఉండిపోవా నా డిజైన్లు?”

“ఉండయ్. ఇందుల కెళ్లి కొత్త దాంట్లకు ఎక్కిస్త, గంతే.”

“స్క్రీన్ ఇటు తిప్పు. నాకు కనవడాలె.”

“తిప్పిన.”

“నెట్టు వైరు పీకు.”

“పీకిన. ఇగ పెట్టనా?”

“పెట్టు.”

“పెడుతున్న. ఊఁ...”

“ఏమైంది?”

“గుర్తు పడ్తలేదన్నా. టిక్కు టిక్కు అంటుంది. ఇనవడుతుందా?”

“దసర ముంగట మంచిగనే ఉన్నది!”

“దసర పోయినంక ఎప్పుడన్న పెట్టినవా?”

“కంప్యూటర్ కాలినంక మా చింటూ ల్యాప్‌టాప్‌కు పెట్టిన. పదిసార్లు పెట్టిన. ఇట్లనే టిక్కు టిక్కు అన్నది. వైరు ఖరాబైందనుకున్న.”

“పదిసార్లా! ఒక్కసారి రాకుంటే ఇడ్శిపెట్టాలె గదన్నా. దీన్ని విప్పి చూడాలె.”

“విప్పుతవా? విప్పి లోపటి సామాను మారిస్తే?”

“నీ ఎదురుంగనే విప్పుత. కావాలంటే వీడియో తీసుకో.”

“రమా, వీడియో తియ్యి.”

“నువ్వే తీసుకో.”

“ఏమైంది నీకు? గా చెమటలేంది?”

“ఉక్కపోస్తుంది.”

“కార్తీకంల ఉక్కపోతనా?”

“అన్నా, ఇటు చూడు. ఇదేంది పసుపచ్చగ?”

“ఏది? తుప్పా?”

“తుప్పు గూడ ఉన్నది. గని ఇది తుప్పు గాదు. వాసన చూడు.”

“పసుపు!”

“ఇగో ఇక్కడ కుంకుమ. వైరు పెట్టే సందు నిండ ఉన్నది.”

“పసుపు, కుంకుమ... సుధాకర్! బాణామతి! వాడు బాణామతి చేపిచ్చిండు! అరె, ఎంత పనికి దిగిండు కొండల్గాడు! లోపట నిమ్మకాయ గిట్ల ఉన్నదా చూడు.”

“డిస్కుల నిమ్మకాయ పట్టదన్నా.”

“ముక్కన్న ఉంటది, చూడు. నేను ఇడువ. ఇటే పోలీస్ స్టేషన్‌కు పోత. వాన్ని లోపటేపిస్త.”

“చింటూ బాపూ.”

“నువ్వు నడ్మ రాకు. ఇగ వాడు నాకు తమ్ముడు గాదు. నేను సచ్చినా రావద్దు.”

“గంత మాట అనకు! బాణామతి గాదు. నేనే పెట్టిన.”

“ఏం పెట్టినవ్?”

“పసుపు, బొట్లు. నేనే పెట్టిన. దసరనాడు.”

“డిస్కుకా?”

“నువ్వే చెప్తివి గదా! ‘మా తాతలు గుంటమగ్గానికి పూజ చేసెటోళ్లు, ఇప్పుడు మన మగ్గం గిదే, గిదే అన్నం పెడ్తుంది, మంచిగ పూజ చెయ్యి’ అని. చెప్పినవా లేదా?”

“కంప్యూటర్‌కు చెయ్యుమన్న!”

“దానికి గూడ పెట్టిన బొట్టు. గని అది పెద్దగున్నది, పీట మీద పట్టలే. గిది పట్టింది. కత్తెర, టేపు, నీ పాత స్కేలు, గిది. అన్నీ కడిగి...”

“కడిగినవా!”

“కడగకుండ పూజ ఎట్ల జేస్తరు? దీన్ని నల్లా కింద పెట్టలే, ఒట్టు. తడిబట్టతోనే తుడ్శిన.”

“తడిబట్టకు గింత కాదక్కా. నీళ్లు మంచిగనే లోపటికి పోయినయ్. ఇంకేమన్న పోసిర్రా?”

“కొబ్బరినీళ్లు.”

“ఎన్ని?”

“జరన్ని. ఒక కాయవి. కొండల్ కాయ కొట్టిండు, నేను నీళ్లు పోసిన.”

“కొండల్ కొట్టిండా? చూసినవా! కావాలనే కొట్టిండు!”

“కాయ ఎవలు కొట్టినా నీళ్లొస్తయ్! మనిషికి గింత అనుమానం పనికి రాదు. పోసింది నేను. వాడు గాదు. నేను.”

“దసర పోయి నెల దాటింది. ఒక్కమాట చెప్పకపోతివి.”

“మూడు దినాలు పీట మీదనే ఉన్నది. నాలుగోనాడు తుడ్శి బీరువాల పెట్టిన. ఎండిపోతది, ఏం గాదనుకున్న. మొన్న నువ్వు పెట్టి పెట్టి చూస్తే రాకపాయె, అప్పుడు సమజైంది నాకు. అప్పటికే నువ్వు ఆ పిలగాన్ని మంది ముంగట దొంగను చేస్తివి. కండ్లు ఎర్రగ జేస్కొని తిరుగవడ్తివి. చెప్దామంటే భయమైంది.”

“పదహారేండ్ల కాపురంల నిన్నొక్కదాన్నే అనుమానపడలే రమా నేను.”

“అందుకే ఇంకింత భయమైంది.”

“ఏడ్వకక్కా. నీళ్లు తాగు. అన్నా, నువ్వు గూడ కూసో.”

“కూసుండుడు తర్వాత. సుధాకర్, ఇది బాగైతదా గాదా? పిరమైన మాట చెప్పు, అగ్గువ మాట చెప్పు, ఉన్నమాట చెప్పు.”

“ఉన్నమాటే చెప్త. కొబ్బరినీళ్లు లోపట ఎండి అంటుకపోయినయ్. దాని మీద నువ్వు పదిసార్లు తిప్పినవ్. పళ్లెం గీసుకపోయింది, ఇగో గీతలు. హైదరాబాద్ పంపినా, బెంగళూరు పంపినా పైసలు దండుగ. ఇంకెక్కడన్న కాపీ ఉన్నదా? మెయిల్ల?”

“మెయిల్ల పెడితే ఎవడన్న చూస్తడని పెట్టలే.”

“మగ్గాలకు ఎక్కిస్తరు గదా, అక్కడ ఉండదా?”

“పని ఒడ్శినంక నేనే పోయి, ముంగట నిలవడి తుడిపిస్త.”

“సేటు దగ్గర?”

“సేటుకు కాగితం మీద చూపిస్త. ఫైలు ఇయ్య.”

“అయితే ఎక్కడ లేనట్టేనా?”

“ఎక్కడ లేవు.”

శ్యాంసుందర్ విప్పిన డిస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు. రమ కొంగుతో మొహం తుడుచుకుంది.

“రమా.”

“ఆఁ.”

“కొండల్గాడు అరగంట కూసున్నడు గదా.”

“కూసున్నడు.”

“ఎనిమిది వందల ఫైళ్లు, సుధాకర్. ఎక్కించుకోవాలంటే ఎంతసేపు?”

“చిన్న ఫైళ్లే గదన్నా. పావుగంట గూడ పట్టది.”

“పావుగంట! వాడు అరగంట కూసున్నడంటే మొత్తం తీసుకున్నట్టే గదా? రెండుసార్లు తీసుకోవచ్చు! నేను ముందే చెప్పలేదా? దొంగ! బంగారమసొంటి దొంగ! ఫోనేది? నా ఫోనియ్యి!”

“ఏ మొకం పెట్టుకొని చేస్తవ్? ఏమని అడుగుతవ్?”

“కాళ్లు మొక్కుత. తమ్ముని కాళ్లు మొక్కితే ఏమైతది? ఇగో, పోతుంది. ఎత్తుత లేడు. ఎత్తడు రమా, నా ఫోనైతే ఎత్తడు. ఎత్తిండు, ఎత్తిండు!”

“హలో.”

“తమ్మీ, నేను.”

“చెప్పు.”

“ఎట్లున్నవ్‌రా కొండలూ?”

“పక్కన ఎవలున్నరు?”

“ఎవలు లేర్రా.”

“స్పీకర్ల పెట్టినవ్. గొంతు దూరం కెళ్లి వస్తుంది. పోలీసోళ్లున్నరా?”

“పోలీసోళ్లు ఎందుకుంటర్రా? ఒక్కటే అడుగుత. దసరనాడు నా కంప్యూటర్ల కెళ్లి డిజైన్లు తీసుకున్నవా?”

“మళ్ల షురూ జేసినవా? ఇదంత రికార్డు చేస్తున్నవా?”

“లేదురా, అవ్వ మీద ఒట్టు. కోపంతోని అడుగుత లేను. తీసుకున్న అను. ఒక్కమాట అను తమ్మీ, నీకు పుణ్యముంటది.”

“మొన్న తీసుకున్నవని దొంగ అన్నవ్. ఇయ్యాల తీసుకుంటే పుణ్యమంటున్నవ్. ఏం జేద్దామనుకుంటున్నవన్నా నన్ను?”

“ఇటియ్యి ఫోన్. కొండలూ, నేను, వదినను.”

“వదినా. నువ్వు గూడ ఉన్నవా.”

“కంప్యూటర్ కాలింది నాయన. డిస్కు గూడ పోయింది. కొబ్బరినీళ్ల సంగతి మీ అన్నకు చెప్పిన.”

“చెప్పినవా? నేనైతే ఎవ్వలకు చెప్పలే వదినా.”

“నాకెరుక. నలభైమంది ముంగట మాట పడ్డవ్ గని నా పేరు తియ్యకపోతివి. ఇప్పుడు నిజం చెప్పు. తీసుకున్నవా?”

“తీసుకున్న.”

“తీసుకున్నడు! సుధాకర్, విన్నవా? తీసుకున్నడు! నా తమ్ముడు!”

“కాయ కొట్టి ఇటు తిరిగేసరికి వదిన నీళ్లు దాని మీద పోసింది అన్నా. ఇగ అది బతుకదనుకున్న. నీకు చెప్తే పండుగపూట వదినను తిడ్తవ్. అందుకే నువ్వు బండి కాడున్నప్పుడు కంప్యూటర్ల కెళ్లి మొత్తం నా డిస్కుల ఎక్కించుకున్న. ఎప్పుడన్న నీకే అక్కరకొస్తదని. ఒక్క ఫైలు తెరిసి చూడలే. జొన్నకంకి బాపు కాగితం చూసి గీసుకున్నదే.”

“నాకెరుకరా. నాకెరుక. నీ అన్న గాడిద. సంఘంల నేనే నిలవడి తప్పైందని చెప్త, అందర్ని పిలిచి చెప్త. ఇప్పుడే బస్సెక్కుతున్నం, సక్కగ మీ ఇంటికే వస్తం. మీ వదిన ఏడుస్తుంది చూడు, సంబురంతోని. డిస్కు ఎక్కడ పెట్టినవ్‌రా? బీరువాలనేనా? తాళమేసినవా?”

“అన్నా.”

“చెప్పు తమ్మీ.”

“నువ్వు దొంగవన్న దినం సంఘం కాడి నుంచి ఇంటికి పోయి, దాన్ని తీస్కొని అటే మానేరు బ్రిడ్జి మీదికి పోయిన. దొంగసొమ్ము ఇంట్ల ఉండద్దని నీళ్లల్ల ఇసిరేసిన అన్నా.”